కావడి మోసినవాడిదే మాట

తిరుత్తణి వెళ్ళి వచ్చానని తెలిసి మా ఒంగోలులో అందరూ అడిగింది ఒకటే, దర్శనం బాగా అయిందా అని. అయింది. నేను వెళ్ళింది మాత్రం అందుకు కాదు. ఆ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేకపోయాను. ఎమర్జెన్సీ ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆ దారిన నడవనివాళ్ళకు దారి తెలుస్తుంది. అధ్యక్షుడూ ఉపన్యాసకుడూ లేకుండా పదిమంది రాజకీయం మాట్లాడుకోవడం కుదరదని నాతో వాదించే మిత్రులకు, కుదిరిన సంగతి ఒకటి తెలుస్తుంది. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ళ పేర్లు మార్చలేదు.

తిరువళ్ళూరు

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా మద్రాసులో చదివాను. అక్కడ ఒకే మెస్సులో భోంచేసిన పరిచయం మునిరత్నంతో. వాళ్ళది అత్తిమంజేరిపేట, ఆంధ్రా సరిహద్దు పక్కనే. రాయల కాలంలో వచ్చి స్థిరపడ్డ సేద్యగాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో చదివింది అరవం. ఇప్పుడు తిరువళ్ళూరులో బడిపంతులు. ఆ ఏడు ఆడి కృత్తికకు, అంటే అరవవాళ్ళ ఆడి నెలలో తిరుత్తణి కొండ తిరునాళ్ళకు, ముందు అతను కష్టపడి తెలుగులో ఒక కార్డు రాశాడు. కావడి ఎత్తుకుని తిరుత్తణికి నడుస్తున్నామనీ, నేను రావాలనీ, కావడి నేనే కట్టాలనీ దాని సారాంశం. మునిరత్నానికి దేవుడి మీద పెద్ద పట్టింపు లేదని నాకు తెలుసు. అందుకే వెంటనే సెలవు పెట్టాను.

స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఒక్కోటి పదిహేను పైసలు. అడక్కుండానే సాంబారు మళ్ళీ మళ్ళీ పోశారు. మా వైపు చట్నీ రెండోసారి అడిగితే సర్వరు మొహం మాడ్చుకుంటాడు. హోటలు ఎదురు గోడ మీద పార్టీ రాతలన్నిటికీ సున్నం కొట్టి ఉంది. సున్నం పల్చగా కొట్టారు, కింద అక్షరాలు లీలగా కనిపిస్తూనే ఉన్నాయి. వాటివైపు చూస్తూ కాఫీ తాగేవాడు ఒక్కడూ లేడు. అందరూ గ్లాసులోకే చూస్తున్నారు.

మునిరత్నం నన్ను గుమ్మంలో పలకరించలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపు గడియ పెట్టాడు.

"ఎవురన్నా చూసినారా నిన్ను?"

"వీధిలో అందరూ చూశారు. పట్టపగలు వచ్చాను కదా."

"అదీ నిజమే లే," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

విషయం ఇది. అతని ఇంటి తిన్నె మీద నెలకొకసారి ఇరవైమంది దాకా చేరేవారు. దాన్ని కూట్టం అనేవారు, అంటే సభ. ఎవరి బుర్రలో కొత్త ఆలోచన ఉంటే వాళ్ళు చెప్పాలి. వినాలనుకున్నవాళ్ళు దగ్గరికి జరగాలి. విసుగొచ్చినవాళ్ళు తిన్నె రెండో చివరికి పోయి వేరే మాట మొదలుపెట్టుకోవచ్చు. పార్టీ లేదు, అధ్యక్షుడు లేడు, తీర్మానాలు లేవు. ఎమర్జెన్సీ వచ్చాక కూడా కొన్నాళ్ళు సాగింది. తర్వాత మునిరత్నం బళ్ళోనే పనిచేసే అరవం పంతుల్ని టీకొట్టు దగ్గర మాట్లాడాడని పట్టుకుపోయారు. మీసా చట్టం. కేసేమిటో చెప్పలేదు, ఎన్నాళ్ళో చెప్పలేదు. ఆయన భార్య వారం వారం జైలు గేటు దాకా పోయి, చూడనివ్వక తిరిగి వస్తోంది.

"ఇప్పుడు మన కూట్టం సంగతీ తెలిసిపోయిందంట," అన్నాడు మునిరత్నం. "పోలీసు స్టేషన్లో పనిచేసే ఒకాయన చెప్పి పంపినాడు. అందర్నీ పట్టేది లేదంట. ఎవురు నడిపిస్తా ఉండారో ఆ ఒక్క పేరు దొరికితే చాలంట."

"నడిపేవాడు లేడు కదా?"

లోపలినుంచి అతని భార్య సులోచన మజ్జిగ తెచ్చింది. "లేడంటే వాళ్ళు ఒప్పుకుంటారా అన్నా? తిన్నె ఈయనది. కాబట్టి నడిపేదీ ఈయనే."

మునిరత్నం మెడ నిమురుకున్నాడు. నేను అక్కడున్న మూడు రోజుల్లో భయమేసినప్పుడల్లా అతను అట్లాగే నిమురుకున్నాడు.

తిన్నె మీద కూర్చోవడం ఇక కుదరదు. కానీ ఆడి కృత్తికకు వేలమంది పసుపు గుడ్డలు కట్టుకుని తిరుత్తణికి నడుస్తారు. వాళ్ళను ఎక్కడికి, ఎందుకు అని ఏ పోలీసూ అడగడు. కాబట్టి కూట్టం నడకలో జరుగుతుంది. కావడి భుజాన ఎత్తుకున్నవాడు మాట్లాడాలి. భుజం నొప్పి పుట్టి దించగానే మాట అయిపోవాలి. కావడి అందుకున్నవాడిది తర్వాతి మాట. వినాలనుకున్నవాళ్ళు పక్కన నడుస్తారు, అక్కర్లేనివాళ్ళు అడుగు నిదానం చేసి వెనకబడతారు. నోరు మూయించడానికి గంట కొట్టే అధ్యక్షుడితో పని లేదు. ఇంత చక్కటి ఏర్పాటు నేను ఏ కాలేజీలోనూ చూడలేదు.

"ఎవరి ఊహ ఇది?" అని అడిగాను.

"అందరం కలిసి అనుకున్నాము లే," అన్నాడు మునిరత్నం. సులోచన ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

పాండూరు దారి

తెల్లవారగానే బయల్దేరాం. కావడి నేను కట్టిందే. అడుగున దండె, పైన విల్లులా వంచిన బద్ద, చుట్టూ పసుపు గుడ్డ, నెమలి ఈకలు, రెండు చివర్లా ఇత్తడి చెంబులు. దండెకు మామూలుగా వాడే బరువైన కర్ర బదులు, మోసేవాళ్ళకు సుఖంగా ఉంటుందని ఎండు వెదురు వాడాను. వేలితో లేపవచ్చు. అందరూ మెచ్చుకున్నారు.

మొదట అందుకున్నది చెంగల్రాయన్న. రైల్వేలో చేసి రిటైరైనవాడు, మైకు ముందు పుట్టాల్సిన మనిషి. ఎన్నికైనవాడు మాట తప్పితే మధ్యలోనే దించే హక్కు ఓటర్లకు ఉండాలి అన్నది ఆయన ఆలోచన. మంచి ఆలోచనే. దాన్ని రెండు ఫర్లాంగుల్లో చెప్పేశాడు. ఆ తర్వాత కూడా కావడి దించలేదు. దించాల్సిన అవసరం ఆయన భుజానికి రాలేదు. నా తేలిక కావడి మా సభ కట్టుబాటు మొత్తం పాడుచేసింది. ఊరు దాటాం, తోటలు దాటాం, ఆడి గాలి దుమ్ము రేపుతూ ఎదురుకొట్టింది. ఆయన చెయ్యి ఊపుతూ, వేలు ఆకాశానికి ఎత్తుతూ సాగుతూనే ఉన్నాడు. పక్కన నడిచేవాళ్ళు ఒక్కొక్కరే వెనకబడ్డారు. చివరికి ఆయన పక్కన ఒకే ఒక్కడు మిగిలాడు. అతని సంగతి తర్వాత చెబుతాను.

పాండూరులో మజ్జిగ పందిరి దగ్గర ఆగినప్పుడు సులోచన రెండు చెంబులూ బావి నీళ్ళతో అంచుదాకా నింపి కావడికి కట్టింది.

"ఇప్పుడెత్తన్నా," అంది.

చెంగల్రాయన్న ఎత్తాడు. "మహాజనులారా" అని చెయ్యి పైకి విసిరాడు. కుడి చెంబులోంచి నీళ్ళు ఆయన చొక్కా మీద పడ్డాయి. ఎడమ చెయ్యి విసిరాడు. ఎడమ చెంబు ఒలికింది.

"చెయ్యాడించకుండా మాట్లాడేది నా వల్ల కాదమ్మా," అని దించేశాడు. ఆ రోజుకంతా మేం నవ్వింది అప్పుడే.

తర్వాత దావీదు ఎత్తుకున్నాడు. అంబత్తూరులో సైకిలు భాగాలు చేసే ఫ్యాక్టరీలో కూలి. క్రైస్తవుడు. అయినా పసుపు పంచె కట్టి, కావడివాళ్ళు దేవుణ్ణి పిలిచే "అరోహరా" కేక అందరికంటే గట్టిగా వేసేవాడు. "మా ఆదివారం పాటలకన్నా ఇది గొంతుకు సుఖంగా ఉంది సామీ," అన్నాడు నాతో. యూనియన్ నాయకుల్ని ఎన్నుకోవడం మాని చీట్లు తీసి పెట్టాలని అతని వాదన. "చీటీ పాటలో అందురికీ ఒక వంతు వస్తాది గదా? అట్లనే. ఎన్నికలంటే గొంతు పెద్దోడే గెలస్తాడు. చీటీకి గొంతు తెలీదు." చాలామంది దగ్గరికి జరిగి విన్నారు, తగువు పెట్టుకున్నారు, పిరికివాడి పేరు వస్తే ఏం చేస్తావని అడిగారు. భుజం నొప్పి పుట్టగానే దించేశాడు.

నా వంతులో నేను పంపుసెట్లకు కరెంటు ఏ వేళల్లో ఇస్తారో నిర్ణయించేటప్పుడు రైతుల్ని కూర్చోబెట్టాలని చెప్పాను. పాయింట్లుగా చెప్పాను. మూడో పాయింటుకు నా పక్కన కూడా ఆ ఒక్కడే మిగిలాడు.

మధ్యాహ్నం సులోచన ఎత్తుకుంది. ఆమె పుట్టిల్లు పూండి చెరువు పక్క పల్లె. మద్రాసు పట్నానికి తాగే నీళ్ళు అక్కణ్ణించే పోతాయి.

"మా ఊర్లో బోరింగు యాడ ఎయ్యాలో ప్రెసిడెంటు చెప్పినాడు. ఆయప్ప ఇంటి ముందర ఏసినారు. ఆయప్ప పుట్టి బుద్దెరిగి ఒక కడవ మోసినోడు కాదు. నేననేది ఏందంటే, ఏ పనైనా సరే, చేసే వాళ్ళే అది యాడ జరగాలో, ఎట్ల జరగాలో చెప్పాల. నీళ్ళు మోసే వాళ్ళు చోటు చెప్పాల. నాట్లేసే వాళ్ళు కూలి చెప్పాల..."

నేను వెనక్కి చూశాను. మగవాళ్ళంతా ఒకేసారి చెప్పుల్లో రాళ్ళు దూరినట్టు ఆగి ఉన్నారు. ఆమె పక్కన దావీదు, నేను, ఇందాక చెప్పిన ఆ కొత్త మనిషి, అంతే. మునిరత్నం కూడా చెంగల్రాయన్నతో మాట్లాడుతూ వెనకే ఉండిపోయాడు.

"ఏమన్నా, నేను కావిడెత్తితే అందురికీ కాళ్ళు నొప్పి పుడతా ఉండాయే!" అంది సులోచన. మాట ఆపలేదు. ముగ్గురికే మొత్తం చెప్పింది.

కనకమ్మసత్రం

ఆ కొత్త మనిషి తన పేరు ఏకాంబరం అన్నాడు. తిరువళ్ళూరు పొలిమేరలో కలిశాడు. "తోడుగా నడస్తాను సామీ, ఒకణ్ణే ఉండా," అన్నాడు. ఊత్తుకోట వైపు తెలుగు. కొత్త పసుపు పంచె, మడత నలగలేదు. చంకలో గొడుగు. ఎవరినీ ఏమీ అడగలేదు. చేసింది వినడమే. మామూలు బాటసారి అనుకుని వదిలేశాం. సాయంత్రానికి ముందు కనకమ్మసత్రంలో సులోచన అడిగిపెట్టిన రైసుమిల్లు షెడ్డు కింద బస దిగాక దావీదు నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"సామీ, ఆ గొడుగాయప్ప పోలీసు."

"ఎట్లా తెలుసు?"

"చెంగల్రాయన్న చెప్పిందంతా విన్నాడు. మొదట్నించీ కొసదాకా. నీదీ విన్నాడు. జీతం లేకుండా అంత ఎవుడు వింటాడు చెప్పు?"

నవ్వు వచ్చింది. వెంటనే ఆగిపోయింది. నేను లెక్కవేసి చూశాను. మాలో ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వెనకబడ్డాడు. వెనకబడనిది అతనొక్కడే. అందరి మాటా సమానంగా వినాల్సిన పని ఎవరికి ఉంటుంది?

సంగతి మునిరత్నం చెవిన పడింది. పొద్దుండగానే వెనక్కి పోదాం అన్నాడు. చెంగల్రాయన్న ఆ మనిషిని పట్టుకుని నిలదీద్దాం అన్నాడు.

"నిలదీస్తే మనం దాచేది ఉందని తెలిసిపోతాది," అంది సులోచన. "ఎనక్కి పోయినా అంతే. మొక్కుకున్నోళ్ళు సగం దోవలో ఎనక్కి పోతారా? కూళు తాగి పడుకోండి. రేపు నడస్తాము."

ఊరి అమ్మవారి గుడి దగ్గర ఆడి నెల కూళు పోస్తున్నారు. రాగి పిండి, నూకలు కలిపి కాచి పులియబెట్టిన జావ. మా వైపు అంబలి అంటాం, కానీ అది బీదవాళ్ళ పొద్దుటి తిండి. ఇక్కడ ప్రసాదం. డబ్బున్నవాళ్ళు కూడా చెంబులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నంజుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ. ఎండలో నడిచిన కడుపుకి అంత చల్లటి వస్తువు ఇంకోటి తెలియదు. అయినా మునిరత్నం రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు. నాలుగడుగుల దూరంలో ఏకాంబరం తీరిగ్గా ఉల్లిపాయ కొరుకుతున్నాడు.

అక్కడే ఒక ముసలాయన, నుదుటి నిండా విభూతి, మా కావడి చుట్టూ తిరిగి చూశాడు.

"పొద్దున్నించీ చూస్తా ఉండా. మీ కావిడి భుజం మార్చి భుజం మారతా ఉంది. మొక్కు ఎవురిది?"

మాకు తోచని తప్పు అది. మాట అందరిదీ కావాలని కావడిని అందరికీ పంచాం. మొక్కు అనేది ఒకరిదే అవుతుందనీ, మొక్కినవాడే మోస్తాడనీ, ఆ దారిలో చిన్నపిల్లకు కూడా తెలుసు.

"ఇంటి మొక్కు తాతా," అంది సులోచన. "ఒకరిది కాదు."

"ఇంతమందీ ఒక ఇంటోళ్ళేనా?"

"పెద్ద ఇల్లు తాతా."

ముసలాయన ఆమెను కాసేపు చూసి, "సరి తల్లీ, సామికి తెలస్తాది లే," అని వెళ్ళిపోయాడు. ఏకాంబరం ఉల్లిపాయ నమలడం ఆపి ఇటే చూస్తున్నాడు.

సూది మందు

మర్నాడు తిరుత్తణి ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. కలరా సూది. తిరునాళ్ళకు వచ్చేవాళ్ళంతా వేయించుకోవాల్సిందే. మా వైపు తిరునాళ్ళలో సూదివాళ్ళు కనిపిస్తే జనం పొలాలకు అడ్డంపడి పోతారు. ఇక్కడ "అరోహరా" అంటూనే భుజం చాపారు. తాడు పక్కన ఇద్దరు పోలీసులు లాఠీలు పట్టుకుని ఉన్నారు. మేం వరసలో జరుగుతుంటే మునిరత్నం చెయ్యి మళ్ళీ మెడ మీదికి పోయింది.

సూది అయింది. తాడు దాటాం. కాసేపటికే భుజాలు పట్టేశాయి. పొద్దున్నుంచి కావడి మోస్తున్న దావీదు "అమ్మా" అంటూ దించబోయాడు. నడి దారిలో కావడి నేల మీద పెట్టకూడదు, ఇంకొకరు అందుకోవాలి. చెంగల్రాయన్న భుజం చూపించాడు, వాచింది. నాదీ అంతే, రెండో భుజం నిన్నటి మోతకే కమిలి ఉంది. ఎవరూ ముందుకు రాలేదు.

"నాకియ్యండి," అన్నాడు ఏకాంబరం. అందుకుని అవలీలగా భుజాన పెట్టుకున్నాడు.

"నీకు నొప్పి లేదా సామీ?" అన్నాడు దావీదు.

"నేను ఈడ ఏసుకోలా. మాకు ముందే ఏసినారు."

"మాకు అంటే?"

ఏకాంబరం నడక ఆగింది. తిరునాళ్ళకు ముందే ఎవరికి సూది వేస్తారు? బందోబస్తుకు వచ్చేవాళ్ళకు. అది అందరికీ ఒకే క్షణంలో తట్టింది. వెనక నడుస్తున్నవాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. రోడ్డు మీద వేరే కావళ్ళు గంటలు మోగించుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. ఎవరైనా పారిపోతారేమో అనుకున్నాను. ఎవరూ కదల్లేదు.

"కావిడి నీ భుజాన ఉంది," అంది సులోచన. "మా కట్టుబాటు తెలుసు గదా. మాట్లాడు."

తిరుత్తణి పొలిమేర

అతను నడుస్తూ మాట్లాడాడు. అందరం ఆనుకుని నడిచాం. చెంగల్రాయన్న కూడా చప్పుడు చెయ్యలేదు.

"నేను కానిస్టేబుల్ని. మఫ్టీలో పంపినారు. ఎవురు నడిపిస్తా ఉండారో ఆ పేరు కావాల ఎస్సైకి. కొండ కింద కాచుకోని ఉండాడు. నిన్నట్నించి చూస్తా ఉండా. ఒకరు చెప్తే ఇంకొకరు ఇనకుండా పోతా ఉండారు. ఎవురూ ఎవుర్నీ గదమాయించేది లేదు. మా స్టేషన్లో అయితే రైటరు చెప్తే నేను చెయ్యాల, ఎస్సై చెప్తే రైటరు చెయ్యాల. ఇట్లాంటిది నేను చూడలా. నడిపేటోడు కనపడలా. పేరు లేకుండా పోతే నన్ను సస్పెండు చేస్తారు. నాకూ బిడ్డలుండారు. మీరే చెప్పండి, ఎవురి పేరు చెప్పాల?"

నేను చాలా సభలు చూశాను. తనను పట్టించే పేరును తనే చర్చించుకున్న సభ అదొక్కటే.

చచ్చిపోయినవాడి పేరు చెప్పమన్నాడొకడు. విచారిస్తే తేలిపోతుందన్నాడు ఏకాంబరం. అందరి పేర్లూ చెప్పమన్నాడు దావీదు. "అందరివీ చెప్తే అందర్నీ తీసకపోతారు, జైల్లో నీళ్ళు చాలవు," అని ఇంకొకడు.

"నా పేరు చెప్పవయ్యా! చెంగల్రాయుడు అని చెప్పు!"

"నువ్వు నడిపినావంటే నేనే నమ్మనన్నా," అన్నాడు ఏకాంబరం. "నీ మాట ఎవురూ ఇనలా గదా."

మునిరత్నం గొంతు సవరించుకున్నాడు. "తిన్నె నాది. నా పేరే చెప్పు. నా వల్ల వీళ్ళకి..."

"అది అబద్దం," అంది సులోచన.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఇంజినీరన్నా, నువ్వు లెక్కగా చెప్పే మనిషివి. నిన్నట్నించి ఏమేం జరిగినాయో, ఎవురు చేసినారో చెప్పు."

అడిగింది కాబట్టి వరసగా చెప్పుకుంటూ పోయాను. చెంబుల్లో నీళ్ళు పోసి మాటకు కొలత పెట్టింది సులోచన. రైసుమిల్లు షెడ్డు అడిగి పెట్టింది సులోచన. వెనక్కి పోకుండా ఆపింది సులోచన. ముసలాయనకు జవాబు చెప్పింది సులోచన. ఇప్పుడు ఇతనిచేత మాట్లాడించింది సులోచన. చెబుతూ ఉంటే నాకు ఇంకోటి అనుమానం వచ్చింది.

"కావడి కట్టుకుని నడవాలన్న ఊహ ఎవరిది?" అని మునిరత్నాన్ని అడిగాను.

అతను నేలవైపు చూశాడు. "తనదే."

"తిన్నె మీద కూట్టం పెట్టాలన్నది?"

"అదీ తనదే. మొదట్లో ఇంట్లో మేమిద్దరమే మాట్లాడుకునేటోళ్ళం."

"ఇంగేం," అంది సులోచన ఏకాంబరంతో. "నా పేరు చెప్పు."

"ఆడమనిషి పేరా?" ఏకాంబరం నోరు తెరిచాడు. చెంబులోంచి నీళ్ళు చింది అతని కొత్త పంచె మీద పడ్డాయి.

"చేసిన వాళ్ళ పేరు చెప్పు. మొగోళ్ళ పేరే కావాలని ఎస్సై చెప్పి పంపినాడా?"

"పట్టుకోని పోతే?" అన్నాడు మునిరత్నం. "మీసా అంటే ఆడోళ్ళని వదిలేస్తారనుకుంటివా?"

"నిన్ను పట్టుకోని పోతే మటుకు? తిన్నె నీది, కూట్టం నాది. ఎవురిది వాళ్ళు మొయ్యాల."

ఉన్నట్టుండి మునిరత్నం మొహం విచ్చుకుంది. నా దగ్గరికి జరిగి మెల్లగా, "చూసినావా ఎంత తెలివో! ఆడ పేరు చెప్తే ఎస్సై నమ్మడు. పేరూ చెప్పినట్టుంటాది, ఎవురూ దొరకనట్టూ ఉంటాది," అన్నాడు.

మెల్లగానే అన్నాడు. అయినా ఆమెకు వినిపించింది. ఆమె అతని వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అది ఉపాయం చెప్పిన మనిషి చూపు కాదు.

కొండ కింద

తిరుత్తణి వీధులు పసుపు రంగులో మునిగి ఉన్నాయి. పూలకావళ్ళు, పాలకావళ్ళు, గుండు చేయించుకున్న తలల మీద గంధం. మా వైపు మొక్కుబడి అంటే ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని పోయి వండుకు తిని రావడం. ఇక్కడ మోసుకుపోవడమే మొక్కు. మెట్ల మొదట్లో రెండు చేతుల వెడల్పున పూలదండ ముప్పావలాకు అమ్ముతున్నారు. కొనే స్థితిలో మాలో ఎవరూ లేరు.

మెట్ల పక్కన పోలీసు డేరా. ఎస్సై కుర్చీలో కూర్చుని సోడా తాగుతున్నాడు. చుట్టూ ఆరేడుగురు కానిస్టేబుళ్ళు, వెనక ఒక వ్యాను, తలుపు తెరిచి ఉంది. ఏకాంబరం నేరుగా అటు నడిచాడు. మేం వెనకే పోయాం. భుజాన కావడి ఉండటం వల్ల అతను సెల్యూట్ కొట్టలేకపోయాడు.

మాటలన్నీ అరవంలో జరిగాయి. నాకు అర్థమైనంత ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నువ్వే కావడి ఎత్తావేంరా?" అన్నాడు ఎస్సై.

"వాళ్ళ భుజాలకు సూది వేశారు సార్."

"సరే. ఎవరు?"

మునిరత్నం నా మోచెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి.

"సులోచన అనే ఆమె సార్. ఈవిడే."

ఎస్సై సోడా బుడ్డి కింద పెట్టాడు. సులోచనను పైనుంచి కిందిదాకా చూశాడు. పసుపు చీర, దుమ్ముకొట్టుకున్న కాళ్ళు, వాచిన భుజం.

"ఏమేం చేసింది?"

"అంతా సార్. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఎవరు ఎంతసేపు మాట్లాడాలి, అంతా ఈమే."

"అవును సామీ," అంది సులోచన, ఒక అడుగు ముందుకు వేసి. "నేనే."

ఎస్సై నవ్వాడు. పక్కనున్న కానిస్టేబుళ్ళు కూడా నవ్వారు. కోపంగా కాదు, కులాసాగా, సినిమా హాల్లో నవ్వినట్టు నవ్వారు.

"రెండు రోజులు ఎండలో నడిపిస్తే నీకు తల తిరిగిందిరా ఏకాంబరం! ఎప్పుడు లేవాలి, ఎక్కడ తినాలి, మా ఇంట్లోనూ మా ఆవిడే చెబుతుంది. అందుకని జిల్లా ఆవిడ నడుపుతోందా?" ఆయన మునిరత్నం వైపు తిరిగాడు. "నువ్వు ఈమె భర్తవా? పంతులువి కదా? మీ ఆవిడ గట్టిది. దర్శనం చేసుకుని నేరుగా ఇంటికి పో. తిన్నెల మీద కబుర్లు మాను. పోండి, పోండి, దారికి అడ్డం."

వ్యాను తలుపు ఎవరో దభాలున మూశారు. ఖాళీగానే మూశారు. మేం మెట్ల దగ్గరికి ఎట్లా చేరామో నాకు సరిగా తెలియదు. చెంగల్రాయన్న ఏడుస్తూ "అరోహరా" అంటున్నాడు. దావీదు సిలువ గుర్తు వేసుకుని, చుట్టూ చూసి, విభూతి కూడా పెట్టుకున్నాడు. మునిరత్నం మొదటి మెట్టు మీదే కూలబడ్డాడు.

"అబ్బా! బతికిపోయినామే," అన్నాడు భార్యతో.

"నువ్వు బతికినావయ్యా," అంది సులోచన. "నన్ను వాళ్ళు లెక్కలోకే తీసుకోలా."

ఆమె ఏకాంబరం భుజం మీదినుంచి కావడి అందుకుని, వాపు లేని భుజం మీదికి మార్చుకుని, జనంలో కలిసి మెట్లు ఎక్కసాగింది. మునిరత్నం ఏదో అనబోయి నా వైపు చూశాడు, నేనేదైనా అందిస్తానేమోనని. ఎస్సై నవ్వినప్పుడు హమ్మయ్య అని ఊపిరి వదలనిది మా అందరిలోనూ ఆమె ఒక్కతే.